పసరు పోసిన చెయ్యి

అరవైల చివర్లో వరంగల్ బీట్ బజారులో నెయ్యి అమ్మాలన్నా కొనాలన్నా ముందు వినబడే మాట ఒకటే. "సేటమ్మ వాసన చూసిందా?" చూసిందంటే ఇక మారుమాట ఉండేది కాదు. చూడలేదంటే డబ్బా మూత కూడా తియ్యనిచ్చేవాళ్లు కాదు. ఆ సేటమ్మ పేరు భద్రమ్మ. నెయ్యి వ్యాపారి పబ్బ వైకుంఠం భార్య. పుట్టింది పాలకుర్తిలో, మెట్టింది మట్టెవాడలో. ముప్పై అయిదు దాటేదాకా ఆవిడ దుకాణం గడప తొక్కింది దీపావళి నాటి లక్ష్మీపూజకే. అటువంటి మనిషి గద్దె మీదికి ఎట్లా ఎక్కిందో చెప్పాలంటే గోడల పక్కన మొలిచే ఒక పిచ్చిమొక్క దగ్గర మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు భద్రమ్మ వంట గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. అబ్బో, ఏం వంట! ఆవిడ చేతి భోజనం చేసినవాడు నడిచి ఇంటికి పోయిన దాఖలా లేదు, రిక్షా పిలవాల్సిందే. పప్పులో గరిటెడు నెయ్యి, అన్నంలో గరిటెడు, బూరెకు గుంట చేసి అందులో ఇంకో గరిటెడు. వద్దన్నవాడి మీద అలిగేది. వైకుంఠం ఎప్పుడూ వద్దనలేదు. ఆయన పొట్ట ఏడాదికేడాది ముందుకు వస్తుంటే భద్రమ్మ మురిసిపోయేది. ఆ కాలంలో పొట్టంటే పరువు కదా మరి!

అరవై రెండు వానాకాలంలో ఒక పొద్దున వైకుంఠం అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. పక్క నుంచి చూసిన భద్రమ్మ గబగబా దగ్గరికొచ్చింది. ఆయన కళ్లు పసుపు అద్దినట్టున్నాయి.

"ఏమయ్యా, కండ్లు గట్లున్నయేంది?"

"వానకాలం ఎలుతురు గట్లనే ఉంటది. నువ్వు పెసరట్టు తే."

పెసరట్టు లేదు, ఏమీ లేదు. అప్పటికప్పుడు రిక్షా పిలిపించి హనుమకొండలో కిషన్ రావు డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయింది. డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్లతో నొక్కేసరికి వైకుంఠం పెట్టిన కేక బయట రిక్షావాడికి వినబడింది. ఒంటేలు పరీక్ష కూడా చేయించి, డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"సేటూ, కార్జం వాచింది. ఒంటేలుల చక్కెర పోతాంది. ఇదంత తిండితోని తెచ్చుకున్నదే. నెయ్యి బంద్, మిఠాయి బంద్. లేకుంటే..."

"లేకుంటే?" అంది భద్రమ్మ.

"లేకుంటే పిల్లల పెండ్లిళ్లు నువ్వొక్కదానివే చేసుకోవాల్సి వస్తదమ్మా."

తిండితో తెచ్చుకున్న జబ్బు! ఆ తిండి పెట్టిందెవరు? తనే కదా, తన చేత్తోనే కదా, అలిగి మరీ పెట్టింది కదా! దారంతా భద్రమ్మ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో పరాయి చెయ్యి అయినట్టు చూసుకుంది. ఇంటికొచ్చేసరికి మాత్రం ఏడుపు పోయి పంతం వచ్చింది. ఈ చెయ్యే పాడుచేసింది, ఈ చెయ్యే బాగుచేయాలి. అంతే!

డాక్టరు గోలీలు ఇచ్చాడు. ఆకు పసరు తాగించొచ్చా అని అడిగితే కసురుకోలేదు కూడా. "తాగితే తాగనీ, నా గోలీలు మాత్రం మాన్పియ్యకు. నెయ్యి దగ్గరికి రానియ్యకు" అన్నాడు.

పసరుకని ఊరంతా పోయేది కాశిబుగ్గకు. అక్కడ మగ్గాల చప్పుడు నడుమ చిన్న పెంకుటింట్లో మొగిలమ్మ అనే ముసలామె ఉండేది. వర్ధన్నపేట వైపు నుంచి వచ్చిన కాపు ఇంటి మనిషి. మందు పేరు చెబితే పని చేయదని చాలామంది దాచిపెడతారు. మొగిలమ్మకు ఆ నాటకాలు లేవు. భద్రమ్మ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, గోడ వారన గుబురుగా ఉన్న మొక్కను వేళ్లతో సహా పీకి చూపించింది.

"ఇది నేల ఉసిరి. ఆకు మర్లేసి చూడు, సన్న సన్న కాయలు. గోడ పొంటి మొలిచేదాన్ని దాచేదేమున్నది బిడ్డా? కడిగి, నూరి, పసరు పిండి, చల్లల కలిపి పరిగడుపున పొయ్యి. గుంటగలగరాకు గూడ జర కలుపు. మందు అల్కనే. పథ్యమే బరువు."

"పథ్యం ఏందవ్వా?"

"ఉప్పు లేదు, పులుపు లేదు, నూనె లేదు, నెయ్యి లేదు. జొన్న గట్క, చల్ల, ఉడకబెట్టిన బీరకాయ. ఇంకో మాట. పసరు పోసే చెయ్యి గూడ అదే పథ్యం ఉండాలె."

భద్రమ్మ ఉలిక్కిపడింది. "నేనా? నాకేం రోగమవ్వా?"

"నీకు లేదు. గని నువ్వు పులిహోర తినుకుంట ఆయనకు గట్క పెడితే, ఆయన గొంతు దిగుతదా?"

భద్రమ్మ ఆ మొక్కను కొంగులో ముడేసుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాటి నుంచి మట్టెవాడ ఇంట్లో పోపు వాసన ఆగిపోయింది. పక్కింటివాళ్లు ఎవరైనా పోయారేమోనని తొంగిచూశారట! తెల్లారకముందే భద్రమ్మ పెరట్లో వంగి నేల ఉసిరి ఏరేది. నిన్నటిదాకా చీపురుతో ఊడ్చి పారేసిన మొక్క అది, ఇప్పుడు ఒక్క రెమ్మ కనబడితే లంకెబిందె దొరికినట్టు ఎగిరి గంతేసేది. రోట్లో వేసి నూరి, పల్చటి గుడ్డలో మూటగట్టి పిండేది. ముదురు ఆకుపచ్చ పసరు బొట్టుబొట్టుగా గిన్నెలో పడుతుంటే అమ్మవారి తీర్థం పడుతున్నంత భక్తిగా చూసేది. వైకుంఠం ముక్కు మూసుకుని తాగేవాడు, మొహం అష్టవంకరలు తిప్పేవాడు.

"థూ! కాకరకాయ దీనికన్న నయమే, భద్రీ!"

"ఉమ్మకుర్రి! మింగుర్రి!"

పాపం, మింగేవాడు. ఇంట్లో ఆయన బుద్ధిగా ఉండేవాడు, అందులో అబద్ధం లేదు. పెట్టిన గట్క, ఆ చప్పిడి జొన్న సంకటి, తినేవాడు, పండక్కి చుట్టాలింటి నుంచి వచ్చిన లడ్డూల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు.

భద్రమ్మ సంగతే విచిత్రం. మొదట్లో చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ల వెంబడి నీళ్లు కారేవి. కొన్నాళ్లు పోయాక అదే గట్కలో ఒక కమ్మదనం తెలిసింది. ఆ తర్వాత ముక్కు! ఇన్నేళ్లూ పోపులతో, నేతితో మూసుకుపోయిన ముక్కు ఒక్కసారి తలుపులు తీసినట్టయింది. చల్ల ఏ ఆవుదో, ఏ బర్రెదో గిన్నె మూత తీయకముందే చెప్పేసేది. వాన రావడానికి ముందు మట్టి వాసన, వీధి చివర ఎవరింట్లోనో మాడిన పాలు, ఉతికిన చీరలో మిగిలిన సబ్బు, అన్నీ తెలిసిపోయేవి. మోకాళ్ల నొప్పి తగ్గింది. మేడమెట్లు గబగబా ఎక్కేస్తుంటే ఆవిడకే నవ్వొచ్చేది. పెళ్లికి ముందు పాలకుర్తి గుట్ట ఎక్కిన కాళ్లు మళ్లీ దొరికాయి!

అంతా బాగానే ఉంది గానీ, అసలు మనిషి కళ్లు పచ్చగానే ఉన్నాయి. మందు తాగని మనిషి తేలికవుతోంది, తాగే మనిషి అట్లాగే ఉన్నాడు. ఇదెక్కడి న్యాయం? ఒకరోజు భద్రమ్మ ఓపిక తెగిపోయి, కొంగు నడుముకు దోపి, కాశిబుగ్గకు పోయి మొగిలమ్మ గడపలో నిలబడింది.

"అవ్వా, నీ మందు పన్జేస్తలేదు!"

మొగిలమ్మ గొడవకు దిగలేదు. "ఇట్ల రా" అని దగ్గరికి పిలిచి, భద్రమ్మ కంటి కింది రెప్ప లాగి చూసింది, నాలుక చాపించి చూసింది.

"నీ పథ్యం నిలవడ్డది. ఆయనది చెడ్డది."

"ఒట్టు, అవ్వా! నా చెయ్యి దాటి ఒక్క మెతుకు తినడు!"

"ఇంట్ల తినడు. పొద్దంత యాడ ఉంటడు?"

దుకాణంలో ఉంటాడు. ఇంకెక్కడుంటాడు? భద్రమ్మకు చురుక్కుమంది. రిక్షావాణ్ణి తొందరపెట్టి, మధ్యలో రెండుసార్లు తిట్టి, బీట్ బజారులో దిగింది.

దుకాణం ముందు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నేతి ముంతలతో వరసగా కూర్చున్నారు. హమాలీ గట్టయ్య డబ్బాలు సర్దుతున్నాడు. గద్దె మీద వైకుంఠం. ఒకామె ముంత ముందుకు జరిపింది. వైకుంఠం చూపుడువేలు ముంచాడు, బొటనవేలితో రాశాడు, నోట్లో పెట్టుకుని చప్పరించాడు, మింగాడు, తలాడించాడు. "మంచిగున్నది, తూకమెయ్యి." తర్వాతి ముంత. వేలు ముంచాడు, చప్పరించాడు, మింగాడు. ఆ తర్వాతిది. భద్రమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఆయన మొహంలో దొంగతనం లేదు, భయం లేదు. పూజ చేసుకుంటున్నంత శ్రద్ధగా చేస్తున్నాడు!

"ఏం చేస్తున్రయ్యా అది?"

బజారు ఉలిక్కిపడింది. వైకుంఠం వేలు నోట్లోనే ఆగిపోయింది.

"నువ్వేందే ఇక్కడ? ఎవరికేమైంది?"

"మీకే అయింది! నేను తెల్లారకముందు లేచి పసరు నూరుతాన. నోరు కట్టుకుని గట్క తింటాన. మీరిక్కడ ముంతలకు ముంతలు నెయ్యి నాకుతాన్రా?"

వైకుంఠం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇది తినుడు కాదే! యాపారం. నా తాత చేసిండు, నాయిన చేసిండు. నాకి చూడంది నెయ్యి ఎట్ల కొంటరు?"

ఎంత అమాయకంగా అన్నాడో! ఇరవై ఏళ్లుగా పొద్దంతా మింగిన నెయ్యి ఆయన లెక్కలో తిండి కానే కాదు, తక్కెడ ఎంతో నాలుకా అంతే. భద్రమ్మకు నవ్వు, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"పోనీ నాకి ఉమ్మేయరాదుర్రి?"

ఆ మాటకు ముంతల వరసలో కలకలం రేగింది. గట్టయ్య నాలుక కరుచుకున్నాడు. "అమ్మా, సేటు ఉమ్మిండంటే ఆ నెయ్యి చెడ్డదని లెక్క. ఆమె ముంత ఇగ ఈ బజార్ల ఎవ్వరు కొనరు."

ఇదీ సంగతి. ఉమ్మితే ఎదుటి మనిషి పరువు పోతుంది, మింగితే తన ప్రాణం పోతుంది. వైకుంఠం ఇన్నేళ్లూ మర్యాదగా మింగుతూ వచ్చాడు. పిల్లల పెళ్లిళ్ల గురించి డాక్టరు అన్న మాట భద్రమ్మ చెవిలో మళ్లీ మోగింది. ఒక్క క్షణం ఆలోచించింది, ఒక్కటంటే ఒక్కటే. చెప్పులు విడిచి గద్దె ఎక్కింది.

"జరగుర్రి. నేను చూస్త."

"నీకేమెరుకే? గీ దుకాణం నా నాలుక మీద నడుస్తాంది!"

"ఇయ్యాల్టి సంది నా ముక్కు మీద నడుస్తది."

బజారంతా గొల్లుమంది. నవ్వనీ! భద్రమ్మ మొదటి ముంతలోంచి ఒక్క బొట్టు అరచేతిలో వేసుకుంది, రెండో చేత్తో వేడెక్కేదాకా రుద్దింది, దోసిలి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. అమ్మా! ఎంత కథ ఉంది ఆ బొట్టులో! "బర్రె నెయ్యి. వెన్న పులవకముందే కాచిన్రు. కాచేటప్పుడు తమలపాకు ఏసిన్రు" అంది. ముంత తెచ్చినామె నోరు తెరిచింది. "అవునమ్మా, మా అత్త ఏస్తది!" నవ్విన నోళ్లు కొన్ని మూతబడ్డాయి. భద్రమ్మకు ఒళ్లంతా పులకరించింది. ఇంత సరదా ఇన్నేళ్లూ మగవాళ్లొక్కరే దాచుకున్నారా!

అయితే అసలు పరీక్ష ఆ వారంలోనే వచ్చింది. ఊళ్లు తిరిగి నెయ్యి పోగుచేసే కట్టయ్య బండెడు డబ్బాలు దించాడు. ఏళ్ల నాటి బేరగాడు, మాట మీద నమ్మకం ఉన్నవాడు. వైకుంఠం మూత తీసి వాసన చూసి "బాగనే ఉన్నది" అన్నాడు. భద్రమ్మ అరచేతిలో రుద్ది వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇందుల వనస్పతి కలిసింది."

కట్టయ్య మొహం ఎర్రబడింది. "సేటూ! ఇన్నేండ్ల సంది ఇస్తాన. ఆడమనిషి ముక్కుతోని చెప్పే మాటకు నన్ను దొంగను చేస్తరా? నువ్వు నాకి చెప్పు. నువ్వు చెడ్డదంటే బండి మర్లేసుకపోత."

పక్క దుకాణాల వాళ్లు పని మానేసి వచ్చి చుట్టూ చేరారు. వైకుంఠం వేలు దానంతటదే లేచింది. ఇరవై ఏళ్ల అలవాటు, పేరున్న నాలుక, అంతమంది ముందు సవాలు. వేలు డబ్బాలో మునిగి నోటిదాకా వచ్చింది. భద్రమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"పెట్టకుర్రి" అంది. "దుకాణం మునిగితే మునగనీ. మీరుండాలె నాకు."

ఆ మాట అంతమందిలో అనేసినందుకు సిగ్గుపడే తీరిక కూడా లేదావిడకు. వైకుంఠం భార్య కళ్లలోకి చూశాడు. వేలికున్న నెయ్యిని మెల్లగా పంచెకు తుడుచుకున్నాడు.

"సరే, ముక్కు వద్దు, నాలుక వద్దు. కండ్లయితే అందరికున్నయి కదా. అసలు నెయ్యి పూస కడతది, వనస్పతి కలిస్తే కట్టది" అని భద్రమ్మ ఇత్తడి పళ్లెం తెప్పించింది. దాని కింద తడి ఇసుక పోయించింది. ఒక పక్క కట్టయ్య డబ్బాలోది, ఒక పక్క పల్లె ముంతలోది, రెండూ కరిగించి ఒక్కో చెంచా పోసింది. జనం అరుగు మీదికి ఎగబడ్డారు. "జరగుర్రి, జరగుర్రి, గాలి తగలనియ్యుర్రి!" అని హమాలీ గట్టయ్య అరుస్తున్నాడు. ఎవరో పందెం కూడా కాశారు. భద్రమ్మ పళ్లెం మీదినుంచి చూపు తిప్పలేదు. తప్పయితే? తప్పయితే రేపటి నుంచి ఆయన మళ్లీ గద్దె ఎక్కుతాడు, వేలు మళ్లీ నోట్లోకి పోతుంది. మళ్లీ ఆ పసుపు కళ్లు!

చల్లగాలికి ముంతలోది మెల్లగా పూస కట్టింది, రవ్వరవ్వగా, ముద్దుగా. కట్టయ్య డబ్బాలోది మైనం ముద్దలా నున్నగా బిగుసుకుంది.

"వారెవ్వా, సేటమ్మా!" హమాలీ గట్టయ్య ఎగిరి గంతేశాడు. బజారు హోరెత్తింది. బేరగాడు కట్టయ్య తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "నేను కలుపలేదు తల్లీ, కొన్నకాడ్నే నన్ను ముంచిన్రు" అన్నాడు. భద్రమ్మ నమ్మింది. అతనికి మంచినీళ్లు ఇప్పించి, ఇక నుంచి ఊళ్లలో కొనేటప్పుడే అరచేతిలో ఎట్లా రుద్ది చూడాలో నేర్పించి పంపింది. వైకుంఠం గద్దె మీద తను కూర్చునే మెత్తను తీసి, దులిపి, భార్య వైపు జరిపాడు.

ఆ వానాకాలం పోయేలోపల వైకుంఠం కళ్లు తెల్లబడ్డాయి! భద్రమ్మ ఆయన్ని వెలుతురులో నిలబెట్టి రెప్పలు లాగి లాగి చూసి, నమ్మకం చాలక పక్కింటామెను కూడా పిలిచి చూపించింది. కిషన్ రావు డాక్టరు పక్కటెముకల కింద నొక్కితే ఈసారి కేక రాలేదు, ఒంటేలులో చక్కెరా లేదు. తన గోలీలు బాగా పనిచేశాయన్నాడు డాక్టరు. నేల ఉసిరి గొప్పదనమంది మొగిలమ్మ. "ఏదీ కాదు, సేటును గద్దె దించుడే మందు" అన్నాడు గట్టయ్య. ఎవరు అడిగినా భద్రమ్మ ముగ్గురికీ తలాడించేది. మనిషి దక్కాడు, వాదన ఎవరిక్కావాలి?

పథ్యం విడిచే రోజు వచ్చింది. మొగిలమ్మ చేత్తోనే మొదటి రుచి పెట్టాలని ఆనవాయితీ. ముసలామె వచ్చి పీట మీద కూర్చుంది. పిల్లలు చుట్టూ చేరారు. భద్రమ్మ వేడి అన్నం, ఉప్పు, చిన్న గిన్నెలో నెయ్యి తెచ్చిపెట్టింది. మొగిలమ్మ చెంచా కొసతో ఒక్కటే బొట్టు తీసి వైకుంఠం నాలుక మీద వేసింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. బీట్ బజారు నాలుక కదా, ఏమంటుందోనని అందరూ ఆగి చూస్తున్నారు. మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు జారాయి.

"ఏందయ్యా, బాగలేదా?" భద్రమ్మకు భయం వేసింది.

"పొద్దంత నాకిన గదే, ఇన్నేండ్ల సంది నాకిన. నెయ్యి ఇంత కమ్మగుంటదని ఇయ్యాల్నే తెలిసింది." కళ్లు తెరిచాడు. "ఏ ఊరిది?"

"మన దుకాణందే. నేను వాసన చూసి కొన్నదే."

వైకుంఠం గిన్నె వైపు చూశాడు. తర్వాత భార్య చేతుల వైపు చూశాడు. పసరు పిండీ పిండీ ఆ వేళ్ల సందులు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. గిన్నెను తన ముందు నుంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నాకు ఆ ఒక్క బొట్టు చాలు. ఇది నువ్వు తిను, భద్రీ. పసరు పోసిన చెయ్యి గూడ పథ్యం ఇడువాలె గదా."

భద్రమ్మ గిన్నె అందుకుంది గానీ వెంటనే తినలేకపోయింది. ముందు ఏడుపు ఆగాలి కదా.